ఒక తొట్టి కొంటే ఒక తొట్టి ఉచితం

మా ఆఫీసు ఏ శాఖదో చెప్పను. చెబితే మీ కాగితం ఒకటి అక్కడ ఆగిపోయి ఉన్న సంగతి గుర్తొచ్చి మీ మనసు పాడవుతుంది. గోదావరి జిల్లాలో, కాలవ గట్టు పక్కన, ఎప్పుడో పసుపు రంగు వేసిన పాత బిల్డింగు అనుకోండి, చాలు. అందులో మగవాళ్ళు కుర్చీకొకరు ఉన్నారు. ఆడవాళ్ళం మాత్రం ఇద్దరమే. సీనియర్ అసిస్టెంటు హైమావతి, అంటే నేను. టైపిస్టు ఎస్తేరు రాణి.

మా ఇద్దరి కోసం వెనక వరండా చివర ఒక గది ఉంది. దాని మీద "స్త్రీలు" అని రాసి, చదువు రానివాళ్ళ సౌకర్యార్థం పక్కన బొట్టు పెట్టుకున్న ఆడమనిషి తల బొమ్మ కూడా వేశారు. ఆ బొట్టు తప్ప అక్కడ ఏదీ సరిగ్గా ఉండేది కాదు. తలుపుకు గడియ లేదు. కొళాయికి నీళ్ళు లేవు. గదిలోకి నీళ్ళు రావాలంటే వాన రావాలి, అవి కప్పులోంచి వచ్చేవి.

నాకేమో కిడ్నీలో రాయి. "రోజంతా నీళ్ళు తాగుతూనే ఉండాలమ్మా, నా మందుల కంటే అదే ముఖ్యం" అన్నాడు డాక్టరు. బుద్ధిగా ఒక పెద్ద స్టీలు సీసా కొనుక్కున్నాను. పొద్దున్నే నింపి ఆఫీసుకు తెచ్చి, బల్ల మీద పెట్టుకుని, సాయంత్రం అలాగే ఇంటికి తీసుకెళ్ళి మొక్కలకు పోసేదాన్ని. ఇప్పుడు మా మొక్కల కిడ్నీలు దివ్యంగా ఉన్నాయి.

మరీ తట్టుకోలేని రోజుల్లో గోడ అవతల లోవమ్మగారింటికి పరిగెత్తేవాళ్ళం. ఆవిడ ఇంట్లోనే గ్రైండరు పెట్టుకుని ఇడ్లీపిండి, దోసెపిండి అమ్ముతుంది. మేము గేటు తీసిన చప్పుడుకే ఆవిడకు సంగతి తెలిసిపోయేది.

"ముందు ఎల్లి రండమ్మా, కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు" అనేది.

బయటికి రాగానే నా చేతికి ఒక గ్లాసుడు నీళ్ళు ఇచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. "తాగేయమ్మా. మళ్ళీ వద్దువుగాని, నా ఇల్లెక్కడికీ పోదు" అనేది. నా కిడ్నీలు ఈమాత్రమైనా మిగిలాయంటే ఆ గ్లాసు చలవే.

"గదికి ఒక గడియ, కొళాయికి కాసిని నీళ్ళు" అని నేను అర్జీలు పెట్టుకుంటూ వచ్చాను. ప్రతి అర్జీకీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చేది. పరిశీలించేవాళ్ళు అసలు ఆ గదివైపు వచ్చిన దాఖలా లేదు. ఆడవాళ్ళ గది కదా, మర్యాద.

ఇలా ఉండగా మా శాఖకు పొదుపు పట్టుకుంది. పై ఆఫీసులో ఎవరో పెద్దమనిషి, పాత సామాన్లు, బేరం సామాన్లు తెచ్చుకుని స్నానాలగదులను రాజమహలులా మార్చుకునేవాళ్ళ వీడియోలు ఫోన్లో చూశాడట. మనిషన్నాక వీడియోలు చూస్తాడు, తప్పులేదు. ఆయన చూసి ఊరుకోకుండా సర్క్యులరు పంపించాడు.

మా ఆఫీసరు యజ్ఞేశ్వరప్రసాద్ గారు. ఆయన మామూలు మాటను కూడా ఉత్తర్వులాగే మాట్లాడతారు. ఇంట్లో కూర కావాలన్నా "వడ్డన చేయవలసినదిగా కోరడమైనది" అంటారని చెప్పుకుంటారు. ఆయన మమ్మల్నందరినీ పిలిపించి, సర్క్యులరును లేచి నిలబడి చదివారు.

"శాఖ యందలి అన్ని కార్యాలయముల మహిళా ప్రసాధన గదులను స్వల్ప వ్యయముతో సుందరముగా పునరుద్ధరించవలెను. ఇందు నిమిత్తము కొత్త వస్తువులను ఎట్టి పరిస్థితులలోనూ కొనరాదు. పాతవి, తగ్గింపు ధరవి, ఉచితముగా లభించినవి మాత్రమే వాడవలెను. అట్లు సేకరించిన ఏ వస్తువునూ నిరుపయోగముగా ఉంచరాదు."

చదివి, కళ్ళజోడు తీసి, నావైపు చూశారు. "హైమావతిగారూ, మీ చిరకాల వాంఛ నెరవేరబోవుచున్నది."

"గడియ వేయిస్తున్నారాండీ?" అన్నాను ఆశగా.

"గడియ అనునది మరమ్మతు కిందికి వచ్చును. మనకు ఆదేశించబడినది పునరుద్ధరణ."

"పోనీ నేనే కొనుక్కొస్తానండి. మెయిన్ రోడ్డులో ఇనప సామాన్ల కొట్టుంది."

"కొత్తదా?"

"కొత్తదేనండి."

"నిషిద్ధం" అన్నారు యజ్ఞేశ్వరప్రసాద్ గారు. "అయితే పునరుద్ధరణ క్రమములో ఎక్కడైనా గడియ తగ్గింపు ధరకు తారసపడిన యెడల తప్పక పరిశీలించబడును."

ఆ మధ్యాహ్నమే బేరాన్వేషణ సంఘం ఏర్పడింది. ఆఫీసరుగారు అధ్యక్షుడు, ఊళ్ళో తిరగడమంటే ఇష్టమున్న మగవాళ్ళంతా సభ్యులు. మేమిద్దరం వాడుకునే గది గనుక మాకు అందులో పని లేదన్నారు. సంఘం జీపేసుకుని జిల్లా అంతా తిరగడం మొదలుపెట్టింది. కూల్చే ఇళ్ళు, మూతపడ్డ సినిమాహాళ్ళు, వరదలో తడిసిన సామాను అమ్మే కొట్లు, ఏదీ వదల్లేదు. కాగితాల కోసం వచ్చినవాళ్ళకు అటెండరు నూకరాజు ఒకటే సమాధానం చెప్పేవాడు.

"సార్లు బేరానికెల్లారండి. రేపు రండి."

ముందుగా వచ్చింది స్నానాల తొట్టి. ఎక్కడో పాత లాడ్జీ కూలగొడుతుంటే దొరికిందట. మనిషి హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోగలిగేంత తెల్లటి తొట్టి. ట్రాక్టరు మీద వచ్చింది. దాని వెనకాల ఇంకో తొట్టి కూడా దిగింది.

"రెండెందుకండీ?" అన్నాను.

"ఒకటి కొన్నచో ఒకటి ఉచితం" అన్నారు ఆఫీసరుగారు. ఆయన ముఖంలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిలో కూడా అంత వెలిగి ఉండరు.

నూకరాజు గదినీ తొట్టినీ మార్చి మార్చి చూశాడు. "గది కన్నా ఇదే పెద్దదిలాగుందండి బాబూ."

వాడి అనుమానం నిజమే. గుమ్మంలోంచి తొట్టి దూరలేదు. దాంతో గోడ పగలగొట్టి, తొట్టిని లోపల పెట్టి, మళ్ళీ గోడ కట్టారు. ఇప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అవతలి గోడదాకా నేలంతా తొట్టే. కమోడ్‌ను ఆ చివర ఎత్తుగా ఇటుకల అరుగు కట్టి దానిమీద కూర్చోబెట్టారు. అక్కడికి వెళ్ళాలంటే చీర కుచ్చిళ్ళు పట్టుకుని తొట్టిలోకి దిగి, అందులో నడిచి, అవతల ఎక్కాలి.

"కాలవ దాటి అవతలి ఊరెళ్ళినట్టుందక్కా" అంది ఎస్తేరు.

"వ్యాయామము కూడా సమకూరును" అన్నారు ఆఫీసరుగారు.

రెండో తొట్టి వరండాలో ఉండిపోయింది. ఏ వస్తువునూ నిరుపయోగంగా ఉంచరాదు గనుక మొదట్లో అందులో ఆ రోజు వచ్చిన కాగితాలు వేశారు. ఆడిట్ వాళ్ళు వచ్చి చూసి, ప్రసాధన గది కోసం సేకరించిన తొట్టిని ప్రసాధనానికే వాడాలని అభ్యంతరం రాశారు. అప్పటినుంచీ ఆ తొట్టి యజ్ఞేశ్వరప్రసాద్ గారి గుండెల మీద కుంపటై కూర్చుంది. వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి దాని చుట్టూ తిరిగి నిట్టూర్చేవారు.

తర్వాత తలుపు వచ్చింది. మూసేసిన చీరల షాపుది, నిలువెత్తు అద్దం తలుపు. దానిమీద బంగారు రంగు అక్షరాలతో "లోపలికి దయచేయండి" అని ఉంది.

"ఇది అద్దమండీ" అన్నాను. "లోపలున్న మనిషి బయటికి కనబడుతుంది."

"పారదర్శకత మన శాఖ మూలసూత్రం, హైమావతిగారూ."

ఎస్తేరు కిందికి చూసుకుంటూ మెల్లగా "మేము రిజైన్ చేస్తామండి" అంది. దానిమీద సంఘం అత్యవసరంగా సమావేశమై, తలుపుకు తెర మంజూరు చేసింది. తెర గుడ్డ కొత్తది కొనకూడదు కాబట్టి ఫ్లెక్సీ తెచ్చారు. మా ఊళ్ళో ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడు పుట్టి ఉంటాడు, ఫ్లెక్సీలకు కరువు లేదు. మధ్యలో చేతులు జోడించిన నాయకుడు, చుట్టూ ఆయన్ని అభిమానించేవాళ్ళ తలకాయలు. బొమ్మ బయటికి పెడితే తమ నాయకుణ్ణి దొడ్డి తలుపుకు కట్టారని ఆయన మనుషులు గొడవకొస్తారు. అందుకని లోపలికి తిప్పి కట్టారు. కమోడ్ మీద కూర్చుంటే ఆయనా, ఆయన అభిమానులూ ఎదురుగా నవ్వుతూ శుభాకాంక్షలు చెబుతారు.

"మరి నీళ్ళండీ?" అన్నాను.

"పైపులు ఎచ్చటనూ తగ్గింపు ధరకు లభించుటలేదు. నీటి విషయము రెండవ దశలో పరిశీలించబడును."

ఇక గోడలు మిగిలాయి. గోడలకు టైల్స్ కావాలి. పాత సామాన్ల వ్యాపారి బుల్లబ్బాయి, సంఘం బలహీనత అప్పటికే కనిపెట్టేశాడు. టైల్స్ గోనెసంచుల్లో తెచ్చి, సంచి మూతి విప్పకుండానే, ఎవ్వరూ ఎక్కడా వినని రేటు చెప్పాడు. ఆ రేటు విన్నాక మూతి విప్పించి చూడటం అమర్యాద అనుకున్నారో ఏమో, బేరం కుదిరిపోయింది. మేస్త్రీ ఆదివారం పనిచేసి గోడలన్నీ అంటించేశాడు.

సోమవారం పొద్దున నేనూ ఎస్తేరూ తెర పక్కకు తీసి చూశాం. కుడివైపు గోడనిండా వెంకటేశ్వరస్వామి, వినాయకుడు, కనకదుర్గమ్మ. ఎడమవైపు శిలువలు, మేరీమాత. కమోడ్ వెనక ఆకుపచ్చ గుమ్మటాలతో మసీదులు.

అవి ఎలాంటి టైల్స్ అంటే, మన ఊళ్ళల్లో ఖాళీ గోడ కనబడితే చాలు, మగవాళ్ళు అటు తిరిగి నిలబడిపోతారు కదా. నోటీసు రాస్తే వినరు. తిడితే వినరు. అందుకని గోడ కింది వరసలో దేవుళ్ళ టైల్స్ అంటిస్తారు. అన్ని మతాలవాళ్ళూ నిలబడతారు గనుక అన్ని మతాలవీ అంటిస్తారు. మనిషి చేత ఆ పని మాన్పించడానికే తయారైన టైల్స్ అవి. వాటిని ఏరి కోరి, ఆ పని కోసమే కట్టిన గదిలో అంటించారు.

నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవకూడదని నియమం పెట్టుకున్నదాన్ని, వరండాలో నిలబడి ఏడ్చాను. సీసాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, నడుములో రాయి సూదిలా పొడుస్తోంది, ఇన్నాళ్ళు ఎదురుచూసిన గది దేవుళ్ళతో నిండిపోయింది.

మీటింగు పెట్టారు. నేను కళ్ళు తుడుచుకుని చెప్పాను. "దేవుళ్ళ ఎదురుగా మేమెలా కూర్చుంటామండీ?"

యజ్ఞేశ్వరప్రసాద్ గారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "ఇందుకు శాస్త్రీయమైన పరిష్కారము కలదు. హైమావతిగారు మేరీమాత గోడవైపు తిరిగి కూర్చొనవలెను. ఎస్తేరుగారు వెంకటేశ్వరస్వామి వైపు తిరిగి కూర్చొనవలెను. ఎవరి దేవునికి వారు వీపు చూపుదురు, కావున దృష్టి సమస్య ఉత్పన్నము కాదు. మత సామరస్యము కూడా వెల్లివిరియును."

ఎస్తేరు ముఖం ఎర్రబడింది. "నాకు దేవుడు కాకపోతే మాత్రం ఏంటండీ? హైమక్క రోజూ దణ్ణం పెట్టుకునే స్వామి ఎదురుగా నేను అలా కూర్చుంటానా?"

"నేనూ కూర్చోనండి, మేరీమాత ఎదురుగా" అన్నాను.

"మీ ఇరువురి సహకార లోపము వలన సామరస్యమునకు భంగము కలుగుచున్నది" అని మినిట్స్‌లో రాయించారు.

టైల్స్ తిరగేసి అంటిస్తే పోతుంది కదా అన్నాడొక సభ్యుడు. దేవుళ్ళ ముఖాలను గోడకు తిప్పి సిమెంటు పూస్తే మనోభావాలు దెబ్బతింటాయన్నారు ఆఫీసరుగారు. కమోడ్ ఎదురుగా పెడితే దెబ్బతినవా అని అడిగాను. అది దర్శనభాగ్యమన్నారు. పోనీ ఊడదీయించేయండి అన్నాను. సేకరించిన ఏ వస్తువునూ నిరుపయోగంగా ఉంచరాదని సర్క్యులరు మళ్ళీ చదివారు, మళ్ళీ లేచి నిలబడి.

ఆ సాయంత్రం నూకరాజు గదిముందు చెప్పులు విప్పి అగరొత్తి వెలిగించాడు. "మరేం చెయ్యమంటారండి? దేవుళ్ళని అలా వదిలేత్తే మన పిల్లాపాపలకి మంచిదాండి?" అన్నాడు. మర్నాడు ఒక పువ్వు పెట్టాడు. ఆ మర్నాడు కర్పూరం. తలుపు మీద "లోపలికి దయచేయండి" అని ఎలాగూ ఉంది కాబట్టి, పనుల మీద వచ్చినవాళ్ళు దయచేయడం మొదలుపెట్టారు. ఒక రైతు దణ్ణం పెట్టుకుని వెళ్ళిన పూటే ఆయన కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదిలింది. మా ఆఫీసులో కాగితం కదలడం మామూలు సంగతి కాదు. మహిమ కిందే లెక్క. దాంతో చుట్టుపక్కల ఊళ్ళలో పేరొచ్చేసింది. తొట్టిలో కొబ్బరికాయలు కొట్టడం మొదలైంది. సర్క్యులరు ప్రకారం తొట్టి ఉపయోగంలోకి వచ్చినట్టే కదా, ఆఫీసరుగారు ఫోటో తీయించి పైకి పంపారు.

ఆ రద్దీ చూసి గదికి భద్రత కావాలన్నారు. ఎక్కడో తగ్గింపు ధరలో గడియ కూడా తారసపడింది. దాన్ని బయటివైపు బిగించి, తాళం వేసి, తాళంచెవి యజ్ఞేశ్వరప్రసాద్ గారు తన మొలతాడుకు కట్టుకున్నారు. నేను ఇన్నాళ్ళు అర్జీలు పెట్టుకున్న గడియ అలా వచ్చింది.

ఇదిలా ఉండగా ఒకరోజు నూకరాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, మన ఎనకాల గోడకున్న దేవుళ్ళు లేరండి!"

నా సీటు పక్క కిటికీలోంచి కాంపౌండు గోడ కనిపిస్తుంది, గది గొడవలో పడి నేనే అటు చూడలేదు. ఎప్పుడో పాత ఆఫీసరు ఆ గోడకు దేవుళ్ళ టైల్స్ అంటించారు. అప్పటినుంచీ అక్కడ ఎవరూ నిలబడటం లేదు, నేను కిటికీ తెరుచుకుని హాయిగా పని చేసుకుంటున్నాను. ఇప్పుడు చూస్తే గోడంతా ఊడిన సిమెంటు మచ్చలు. బుల్లబ్బాయి మా టైల్స్ మా గోడనుంచే ఊడదీసి, సంచిలో వేసి, వీధిలోంచి చుట్టూ తిప్పి తెచ్చి, మా ఆఫీసుకే అమ్మాడు. అంత తక్కువ రేటు ఎలా ఇవ్వగలిగాడో అప్పుడు తెలిసింది.

ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన చిన్నగా నవ్వి, "రవాణా ఖర్చు కలిసివచ్చినది" అన్నారు.

గోడ ఖాళీ అయిందని ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఆఫీసు మగవాళ్ళకు మంచి టాయిలెట్ ఉంది, నీళ్ళు కూడా వస్తాయి. అయినా ఆరుబయట సుఖం వేరనుకున్నారు. మగవాళ్ళకు గోడ దొరికింది, ఆడవాళ్ళకు గుడి దొరికింది, నేను కిటికీ మూసుకుని ఫ్యాను లేని మూల ఉక్కపోతలో కూర్చున్నాను.

మా గది ఫోటోలు పై ఆఫీసులో అందరికీ నచ్చాయట. పథకంలో మాదే మొదటి స్థానం. డైరెక్టరు మేడమ్ స్వయంగా వచ్చి చూస్తారని కబురు వచ్చింది. గోడకు సున్నం కొట్టించారు, దారికి ముగ్గు వేయించారు, రెండో తొట్టిమీద దుప్పటి కప్పారు.

ఆవిడ రాజధాని నుంచి పొద్దున బయల్దేరి మిట్టమధ్యాహ్నానికి చేరారు. దండలు పడ్డాయి, గంధాలు పూశారు. యజ్ఞేశ్వరప్రసాద్ గారు చెప్పులు విప్పి, తాళం తీసి, ఒక్కొక్క వస్తువూ చూపించారు. "ఇది లాడ్జీ తొట్టి. ఇది చీరల షాపు తలుపు. ఇవి స్థానికముగా సేకరించిన టైల్స్."

"అద్భుతం" అన్నారు మేడమ్. "వారసత్వం, పొదుపు, ఆధ్యాత్మికత, మూడూ ఒకే గదిలో! ఇదీ నేను చూడాలనుకున్న వాష్‌రూమ్."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలయ్యాక ఆవిడ చిన్నగా నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. గొంతు తగ్గించి, "హైమావతిగారూ, మీరంతా… అంటే… మీరు ఎక్కడికి వెళ్తారు?" అన్నారు.

ఆవిడ ముఖం చూశాను. నుదుట చెమట. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "దారిలో ఎక్కడా ఆగడానికి వీలవలేదు. అందుకే నీళ్ళు కూడా తాగలేదు" అన్నారు. కారులో ఆవిడ సీటు పక్కన నిండు సీసా ఉంది. నా సీసా లాంటిదే. నాకు జాలేసింది, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్ళకు మా సంగతి ఒక పెద్దావిడకు కాగితం మీద కాకుండా కడుపులో తెలిసింది. ఇక మా గది బాగుపడుతుందని గట్టిగా అనుకున్నాను.

"రండి మేడమ్" అని వెనక సందులోంచి లోవమ్మగారింటికి తీసుకెళ్ళాను.

లోవమ్మగారికి డైరెక్టరంటే ఎవరో తెలియదు. పిండి చేతులతోనే ఆవిడ ముఖంలోకి చూసి, "ముందు ఎల్లి రామ్మా, నీళ్ళు పట్టే ఉంచాను" అంది.

మేడమ్ వెళ్ళారు. లోపలినుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చాక కాసేపు ఊరికే నిలబడి ఊపిరి పీల్చుకున్నారు. లోవమ్మగారిచ్చిన గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగి, ఇంకోటి అడిగి తాగారు. తర్వాత వెనక్కి తిరిగి ఆ గదిని పరకాయించి చూడటం మొదలుపెట్టారు.

"ఈ తలుపు ఎక్కడిదమ్మా?"

"మా తమ్ముడి రైసుమిల్లు పడగొట్టేత్తే ఆ రేకు తెచ్చి కొట్టించుకున్నానండి."

"బకెట్టు?"

"రంగుల డబ్బా అండి. మా వీధిలో ఇల్లు కట్టుకున్నోళ్ళు పారేత్తే కడుక్కున్నాను."

"గచ్చు మీద ఈ రంగు పలకలు?"

"కొట్టోళ్ళు ఇరిగిపోయినియ్యి ఊరికే ఇచ్చారండి. ఏదోటిలెండి, కాలు జారకుండా ఉంటే చాలని ఏయించాను."

డైరెక్టరు మేడమ్ కళ్ళు అచ్చం యజ్ఞేశ్వరప్రసాద్ గారి కళ్ళలా వెలిగాయి. "అన్నీ పాతవే! అన్నీ బేరానివే! పైగా పని కూడా చేస్తోంది!"

ఆవిడ గబగబా ఆఫీసుకు వచ్చి వేదికెక్కారు. ఇంతకుముందు చెమట పట్టిన మనిషి ఎటు పోయారో తెలియదు. "మీ గదిని యథాతథంగా పరిరక్షించాలి, ఎవ్వరూ వాడరాదు. దీనికి అనుబంధంగా, పొరుగునున్న శ్రీమతి లోవమ్మ గారి మరుగుదొడ్డిని పథకంలో చేర్చి, సమగ్రంగా పునరుద్ధరించాలి. అవసరమైన సామగ్రి కార్యాలయంలో నిల్వ ఉన్న దానిలోంచి సమకూర్చాలి" అని ప్రకటించారు.

యజ్ఞేశ్వరప్రసాద్ గారు వరండావైపు చూశారు. దుప్పటి కింద తొట్టి ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రమే లోవమ్మగారికి సంగతి చెప్పాను. ఆవిడ గ్రైండరు ఆపి, చేతులు తుడుచుకుని, నమ్మలేనట్టు చూసింది.

"నా దొడ్డికేం రోగమమ్మా? బాగానే ఉంది కదా?"

"బాగుంది కాబట్టేనండి" అన్నాను.

"రావొద్దని చెప్పు."

"నేను చెప్తే వినరండి. సర్క్యులరు చూపిస్తారు."

ఆవిడ మా ఆఫీసు గోడవైపు తిరిగి చూసింది. "మీ గోడకుండేవి చూడు, దేవుడి బిళ్ళలు. అయ్యి ఉన్నన్నాళ్ళూ ఒక్క మగాడు ఆ గోడ దగ్గరికి రాలేదు కదా? ఓటి తెచ్చిపెట్టమ్మా. గేటుకి అంటించుకుంటాను."

నాకూ ఆశ కలిగింది. మర్నాడు నూకరాజు అగరొత్తి వెలిగించడానికి తాళం తీయించినప్పుడు వెనకాలే వెళ్ళి, అట్లకాడతో వెంకటేశ్వరస్వామిని ఒకదాన్ని జాగ్రత్తగా ఊడదీశాను. ప్రభుత్వ ఆస్తిని నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. నూకరాజు అటు తిరిగి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాడు. లోవమ్మగారు సిమెంటు కలిపి గేటు పక్క స్తంభానికి అంటించి, పసుపు రాసి, బొట్టు పెట్టింది.

వాళ్ళు బుధవారం పొద్దున వచ్చారు. నేనప్పుడు లోవమ్మగారి పెరట్లోనే ఉన్నాను, ఆవిడ నా చేతిలో ఎప్పటిలాగే గ్లాసు పెట్టింది. వీధిలో అడుగుల చప్పుడు వినిపించి ఇద్దరం గేటువైపు చూశాం. ముందు యజ్ఞేశ్వరప్రసాద్ గారు, వెనకాల తొట్టి మోసుకుంటూ సంఘం సభ్యులు.

గేటు దగ్గర ఆయన ఆగారు. టైలు చూశారు. అప్రయత్నంగా చేతులు జోడించారు. వెనకాలవాళ్ళు కూడా తొట్టి కిందికి దించి దణ్ణం పెట్టారు. లోవమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావా, ఆగిపోయారు" అంది గుసగుసగా.

యజ్ఞేశ్వరప్రసాద్ గారు లెంపలు వేసుకున్నారు. గేటు బయట చెప్పులు భక్తిగా విడిచారు. సభ్యులను కూడా విడవమన్నారు. అందరూ విడిచాక, తొట్టి మళ్ళీ ఎత్తించి, కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చారు.

నేను గ్లాసులో నీళ్ళు తాగకుండానే అరుగుమీద పెట్టేశాను.